ఇంట్లో పోత ఇనుప పెనం మీద స్టేక్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టేక్‌కి, అంటే మందంగా కోసిన గొడ్డు మాంసం ముక్కకి, పోత ఇనుప పెనమే ఎందుకు? ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ పనికిరాదా?

పోత ఇనుము వేడిని త్వరగా పంచుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పనిలో అది బాగా వెనకబడింది. అల్యూమినియం దానికంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. పోత ఇనుము బలమంతా బరువులో ఉంది. 12 అంగుళాల పెనం మూడున్నర కిలోల దాకా తూగుతుంది. అంత ఇనుము ఒకసారి బాగా కాగితే, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం మీద పడినా వేడి అమాంతం పడిపోదు. పలచటి పెనంలో అలా కాదు. మాంసం పడగానే వేడి దిగిపోతుంది, ఊరిన నీరు ఆవిరైపోకుండా అక్కడే నిలుస్తుంది, కాలాల్సిన స్టేక్ ఉడకడం మొదలవుతుంది.

నాన్‌స్టిక్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. దాని పూత 260 డిగ్రీల సెల్సియస్ దాటితే విచ్ఛిన్నమై హానికరమైన పొగలు వదులుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అడుగు మందంగా ఉన్న స్టీల్ పెనం ఉంటే మాత్రం నిశ్చింతగా వాడుకోండి. పోత ఇనుము లేనంత మాత్రాన స్టేక్ ఆగిపోనక్కర్లేదు.

ఏ ముక్క కొనాలి?

మొదటిసారి చేస్తుంటే రిబ్‌ఐ, అంటే పక్కటెముకల దగ్గరి ముక్క తీసుకోండి. కండలో సన్నటి కొవ్వు చారలు బాగా ఉంటాయి కాబట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా గట్టిపడిపోదు. స్ట్రిప్ లేదా సర్లాయిన్ కాస్త నమలాల్సి వస్తుంది కానీ మాంసం రుచి బాగా తెలుస్తుంది. టెండర్‌లాయిన్ అన్నిటికంటే మెత్తన, అన్నిటికంటే ఖరీదు. కొవ్వు తక్కువ కాబట్టి రుచిలో మిగతావాటి కంటే ఒక మెట్టు కిందే అని నా అభిప్రాయం. దానికి వెన్న తోడుండాలి. టీ-బోన్ చూడ్డానికి బాగుంటుంది కానీ పెనం మీద చిక్కు పెడుతుంది. మాంసం కాలుతూ ముడుచుకుంటుంది, ఎముక ముడుచుకోదు, దాంతో ఎముక పక్కనున్న కండ పెనానికి తగలకుండా పైకి లేచిపోతుంది.

ఏ ముక్క అన్నదానికంటే మందం ముఖ్యం. కనీసం రెండున్నర సెంటీమీటర్లు, కుదిరితే మూడున్నర ఉండాలి. సెంటీమీటరు మందం స్టేక్‌కి పైపొర ఎర్రబడేలోపే లోపలంతా ఉడికిపోతుంది. ఇద్దరికి రెండు పలచటి ముక్కలు కొనేకంటే ఒకే మందపాటి ముక్క కొని, వండాక కోసి పంచుకోవడం ఎంతో నయం.

ఉప్పు ఎప్పుడు వేయాలి? ముందే వేస్తే నీరు లాగేస్తుంది కదా?

లాగుతుంది. అక్కడితో ఆగిపోదు. ఉప్పు చల్లిన కొద్ది నిమిషాలకే పైన చెమట పట్టినట్టు నీటి బొట్లు తేలతాయి. ఆ నీటిలో ఉప్పు కరుగుతుంది. మరో అరగంట, ముప్పావు గంటలో ఆ ఉప్పు నీరు చాలావరకు తిరిగి మాంసంలోకే ఇంకుతుంది. కండలోని ప్రొటీన్లను ఉప్పు కొంత సడలిస్తుంది కాబట్టి కాల్చేటప్పుడు మాంసం తన రసాన్ని కాస్త గట్టిగానే పట్టి ఉంచుకుంటుంది.

అందువల్ల మంచి సమయాలు రెండే. ఒకటి, కనీసం 45 నిమిషాల ముందు. రెండోది, పెనం మీద వేయడానికి సరిగ్గా ముందు. ఈ రెంటికీ మధ్య, అంటే పది ఇరవై నిమిషాల ముందు ఉప్పు వేయడమే అన్నిటికన్నా చెడ్డది. నీరంతా పైకి వచ్చేసి, ఇంకా లోపలికి ఇంకని ఘడియ అది.

తీరిక ఉంటే ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి, జల్లెడ లాంటి స్టాండు మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రిజ్ గాలికి పైభాగం తోలులా ఆరిపోతుంది. చూడ్డానికి అంత బాగోదు, కాలితే మాత్రం అంత మంచి పైపొర మరో దారిలో రాదు. కొలత కావాలంటే మాంసం బరువులో ఒక శాతం పెట్టుకోండి. 400 గ్రాముల స్టేక్‌కి 4 గ్రాములు, అంటే సన్న ఉప్పు ముప్పావు టీస్పూనుకి కాస్త తక్కువ.

మిరియాల పొడి సంగతి ఎవరి ఇష్టం వారిది. బాగా కాగిన పెనం మీద అది మాడి చేదెక్కుతుంది. కొందరికి ఆ చేదే ఇష్టం. నేనైతే దించాక చల్లుతాను.

తడి గురించి ఇంత పట్టింపు దేనికి?

ఈ పేజీలో సగం జవాబులు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. స్టేక్ పైన ముదురు గోధుమరంగు, ఆ వాసన, ఆ రుచి అన్నీ ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి జరిపే చర్య వల్ల వస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మాయార్ పేరు మీదే దాన్ని మాయార్ చర్య అంటారు. అది జోరందుకోవాలంటే మాంసం పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. నీరేమో 100 దగ్గరే మరుగుతుంది. పైన తడి ఉన్నంతసేపు, పెనం ఎంత కాగినా, ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఆ తడి పోయేలోపు కింద ఒక సెంటీమీటరు మాంసం బూడిదరంగుకి తిరిగిపోతుంది.

కాబట్టి రాత్రంతా ఆరబెట్టినా సరే, పెనం మీద వేసే ముందు పేపర్ టవల్‌తో గట్టిగా అద్దండి. రెండు వైపులా, అంచులు కూడా. టవల్ తడిస్తే ఇంకోటి తీసుకోండి.

వండే ముందు గంటసేపు బయట పెట్టి గది వేడికి తేవాలంటారు. నిజమేనా?

పెద్ద ప్రయోజనం లేదు. మందపాటి స్టేక్ అరగంట బయట ఉన్నా లోపలి వేడి పెరిగేది కొద్ది డిగ్రీలే. ఆ సమయాన్ని ఆరబెట్టడానికి వాడితే లాభం.

పెనం ఎంతసేపు కాగాలి? సరిపడా కాగిందని ఎలా తెలుస్తుంది?

మధ్యస్థం మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. పెద్ద మంట పెట్టి రెండు నిమిషాల్లో పని కానిద్దామనుకుంటే బర్నర్ పైనున్న వలయం మాత్రమే మండిపోతూ, అంచులు గోరువెచ్చగా ఉంటాయి. వేడిని నెమ్మదిగా పంచే లోహం కదా, దానికి సమయం ఇవ్వాలి. బర్నర్ చిన్నదైతే మధ్యమధ్య పెనాన్ని కాస్త జరుపుతూ, తిప్పుతూ ఉండండి. ఇండక్షన్ స్టవ్ మీద తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే పెనం వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. ఓవెన్ ఉన్నవాళ్లు పెనాన్ని అందులో 250 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి స్టవ్ మీదికి మార్చుకుంటే ఈ బాధే లేదు, ఎటు చూసినా ఒకే వేడి. పిడి కూడా అంతే వేడిగా ఉంటుందని మాత్రం మరిచిపోవద్దు. మందపాటి పొడి గుడ్డ వాడండి. తడి గుడ్డలోంచి వేడి క్షణంలో చేతికి అంటుకుంటుంది.

నీటి చుక్క వేసి చూసే పద్ధతి ఉంది. చుక్క గోళీలా గుండ్రమై పెనమంతా పరుగులు పెడితే సుమారు 200 డిగ్రీలు చేరినట్టే. అయితే 200 అయినా 300 అయినా చుక్క అలాగే పరిగెడుతుంది, అది ఆ పరీక్షలో లోపం. నూనె చెప్పేది ఎక్కువ నమ్మదగింది. పలచగా రాసిన నూనె అలలు అలలుగా మెరిసి, ఆ వెంటనే సన్నటి పొగ తీగ ఒకటి లేచిందంటే అదే సమయం. దట్టంగా పొగ కమ్మేస్తే దాటిపోయినట్టు. మంట తగ్గించి ఒక నిమిషం ఆగండి.

ఏ నూనె వాడాలి?

రిఫైన్ చేసిన ఏ నూనె అయినా. పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలు రిఫైన్ చేసినవైతే సుమారు 230 డిగ్రీల దాకా పొగ రాకుండా తట్టుకుంటాయి, అవకాడో నూనె ఇంకా పైకి వెళ్తుంది. వెన్న 150 దగ్గరే మాడటం మొదలవుతుంది కాబట్టి మొదట్లో దాన్ని దగ్గరికి రానివ్వకండి. వాసన గల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఇక్కడ వృథా, ఆ పరిమళమంతా పొగలో పోతుంది. ఒక టేబుల్ స్పూను చాలు. మాంసానికి రాసినా, పెనంలో వేసినా పెద్ద తేడా రాదు.

సరే, ఇక కాల్చేదెలా?

పెనం కాగింది, నూనె మెరిసింది. స్టేక్‌ని మీకు దగ్గరగా ఉన్న అంచు నుంచి మొదలుపెట్టి అవతలి వైపుకి మెల్లగా పడుకోబెట్టండి, నూనె చిందినా మీ మీదికి రాదు. వేసిన క్షణమే పెద్దగా సుర్రుమనాలి. ఆ శబ్దం రాకపోతే మొహమాటపడకుండా తీసేసి పెనాన్ని ఇంకాస్త కాగనివ్వండి. చేత్తోనో అట్లకాడతోనో ఒక పది సెకన్లు మెల్లగా అదిమి పట్టండి, అంతటా పెనానికి తగలాలి. అణిచి పిండేయడం కాదు, కేవలం తగిలేలా చూడటం.

మొదటి నిమిషం కదపకండి. అంటుకున్నట్టు అనిపిస్తే ఇంకో అరనిమిషం ఆగండి. పైపొర ఏర్పడగానే పెనం దానంతటదే వదులుతుంది. ఆ తర్వాత తిప్పండి. ఒక్కసారే తిప్పాలన్న నియమానికి ఆధారం లేదు. అరనిమిషానికో నిమిషానికో ఒకసారి తిప్పుతూ ఉంటే రెండు వైపులా వేడి సమంగా పాకుతుంది, లోపలి బూడిదరంగు పట్టీ సన్నగా ఉంటుంది, స్టేక్ కాస్త త్వరగానూ అవుతుంది. ఒక్కసారి తిప్పడంలో ఒకే సుఖం, పక్కన వేరే పని చేసుకోవచ్చు.

అంచున కొవ్వు పట్టీ ఉంటే పట్టకారుతో స్టేక్‌ని నిలబెట్టి ఆ అంచుని కూడా ఒకటి రెండు నిమిషాలు కాల్చండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత ఆ కొవ్వునంతా కోసి పళ్లెం పక్కన పెడతారు. కరకరలాడేలా కాలితే అదే మొదట అయిపోతుంది.

మూడు సెంటీమీటర్ల స్టేక్ మీడియం రేర్‌కి, అంటే లోపల ఎర్రటి గులాబీ రంగు ఉండేలా కాలడానికి, మొత్తం ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుందని ఒక అంచనా. పెనం, మంట, మాంసం, దాని చల్లదనం అన్నీ ఈ అంకెను మార్చేస్తాయి. అయిదో నిమిషం నుంచే థర్మామీటర్ పెట్టి చూడటం మొదలుపెట్టండి.

వెన్న, వెల్లుల్లి, థైమ్ అనే సువాసన ఆకుల రెమ్మలు వేసి స్పూనుతో పోస్తుంటారు కదా. ఎప్పుడు?

అనుకున్న ఉష్ణోగ్రతకి ఇంకా పది డిగ్రీల దూరంలో ఉన్నప్పుడు. మంట తగ్గించి, రెండు స్పూన్ల వెన్న, చితకొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు థైమ్ లేదా రోజ్‌మేరీ రెమ్మలు వేయండి. పెనాన్ని మీ వైపు వంచి, పోగైన వెన్నను స్పూనుతో స్టేక్ మీద పోస్తూ ఉండండి. రెమ్మలు చిటపటమంటాయి, కాస్త దూరం జరగండి. వెన్న నురుగు గోధుమరంగుకి తిరిగి వేయించిన గింజల వాసన రావాలి. నల్లబడితే ఆలస్యమైనట్టే, దాన్ని స్టేక్ మీద పోయకండి.

లోపల ఎంత ఉడికిందో ఎలా తెలుసుకోవాలి? వేలితో నొక్కి చూస్తే సరిపోదా?

రోజూ వందల స్టేకులు కాల్చే వంటవాడికి సరిపోతుంది. అప్పుడప్పుడూ చేసుకునే మనకు ఆ వేలు కుదరదు. ఒక డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. ఖరీదైన పెనం కంటే, ఖరీదైన మాంసం కంటే అదే ఎక్కువ మార్పు తెస్తుంది. సూదిని పై నుంచి కాకుండా పక్క నుంచి నడిమధ్యకి గుచ్చండి. ఎముకకు, కొవ్వుకు తగలకూడదు.

పళ్లెంలోకి వచ్చేసరికి ఉండాల్సిన ఉష్ణోగ్రతలు ఇవి: రేర్ (లోపల దాదాపు పచ్చిగా) 50 దగ్గర, మీడియం రేర్ 54 నుంచి 57, మీడియం 60 నుంచి 63, మీడియం వెల్ 65 నుంచి 68, ఆపైన 71 దాటితే వెల్ డన్ (లోపలంతా ఉడికినది). దించాక కూడా లోపలి వేడి మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కుతుంది. అందుకని మీడియం రేర్ కావాలంటే 51, 52 దగ్గరే తీసేయండి. 55 చూసి దించితే పళ్లెంలో మీడియమే ఉంటుంది.

కొవ్వు బాగా ఉన్న రిబ్‌ఐని మీడియం రేర్ పైఅంచులో, 57 దగ్గర తినడమే నాకు నచ్చుతుంది. 50 దగ్గర ఆ కొవ్వు ఇంకా కరగదు, మైనంలా నోటికి తగులుతుంది. టెండర్‌లాయిన్‌కి ఈ గొడవ లేదు. వెల్ డన్ ఇష్టమైనవాళ్లని వెక్కిరించడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. వాళ్లకి రిబ్‌ఐ ఇవ్వండి, మంట మధ్యస్థానికి దించి మెల్లగా 70కి తీసుకెళ్లండి, అదీ రుచిగానే ఉంటుంది.

కోస్తే వచ్చే ఎర్రటి రసం రక్తమేనా?

కాదు. రక్తం చాలావరకు కబేళాలోనే పోతుంది. అది నీరు, అందులో కరిగిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. కండరాల్లో ఆక్సిజన్‌ని నిలవ ఉంచేది అదే. వేడి పెరిగేకొద్దీ ఎరుపు నుంచి గులాబీకి, తర్వాత బూడిదరంగుకి మారుతుంది.

మరి లోపల ఎర్రగా ఉన్నది తింటే ప్రమాదం లేదా?

కోయని, గుచ్చని నిండు ముక్కలో సూక్ష్మజీవులు దాదాపుగా పైభాగానే ఉంటాయి, పెనం వేడి వాటి పని పడుతుంది. ఖీమా అలా కాదు. పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది కాబట్టి దాన్ని 71 డిగ్రీల దాకా ఉడికించాల్సిందే. మెత్తబడటానికి సూదులతోనో బ్లేడులతోనో గుచ్చి అమ్మే స్టేకులదీ ఇదే ఇబ్బంది, ప్యాకెట్ మీద రాసింది చదవండి. నిండు స్టేక్‌కి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత 63 డిగ్రీలు, ఆపై మూడు నిమిషాలు పక్కన పెట్టడం. మీడియం రేర్ దానికంటే తక్కువే. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఆ 63 మాటే పట్టుకోవాలి.

ముందు పెద్ద మంట మీద కాలిస్తే రసాలు లోపలే బంధించబడతాయంటారు?

19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారం చేసిన ఊహ ఇది. 1930ల నాటి ప్రయోగాల్లోనే తప్పని తేలింది. స్టేక్ పెనం మీద ఉన్నంతసేపూ సుర్రుమంటూనే ఉంటుంది, ఆ చప్పుడంతా బయటికొస్తున్న నీటిదే. పైపొర గోడ కాదు. రుచి కోసమే కాలుస్తాం.

నాలుగు సెంటీమీటర్ల స్టేక్ దొరికింది. పైన మాడిపోతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది. ఏం చేయాలి?

క్రమం తిరగేయండి. ఉప్పు పట్టించిన స్టేక్‌ని స్టాండు మీద పెట్టి 110, 120 డిగ్రీల ఓవెన్‌లో లోపల 46 నుంచి 48 వచ్చేదాకా ఉంచండి. మందాన్ని బట్టి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. తర్వాత పోత ఇనుప పెనాన్ని బాగా కాల్చి ఒక్కో వైపు నిమిషం చొప్పున కాల్చండి. రివర్స్ సియర్ అంటే ఇదే. ఓవెన్ పొడి వేడికి పైభాగం ముందే ఆరిపోయి ఉంటుంది, అందుకే ఆ ఒక్క నిమిషంలోనే రంగు వచ్చేస్తుంది. అంచు నుంచి అంచు దాకా లోపలంతా ఒకే గులాబీ రంగు. మందపాటి ముక్కకి ఇంతకంటే భరోసా ఉన్న పద్ధతి లేదు. పలచటి స్టేక్‌కి మాత్రం అనవసరం.

దించాక ఎంతసేపు ఆగాలి?

అయిదు నిమిషాలు, బాగా మందమైతే పది. లోపలి రసం చల్లబడి కొంత చిక్కబడుతుంది, కోసినప్పుడు పళ్లెంలోకి తక్కువ కారుతుంది. ఫాయిల్‌తో బిగించి చుట్టకండి. ఆవిరి చేరి, అంత కష్టపడి తెచ్చుకున్న పైపొర మెత్తబడిపోతుంది. కోసేటప్పుడు కండ పీచు ఎటు నడుస్తోందో చూసి దానికి అడ్డంగా కోయండి. ఫ్లాంక్, స్కర్ట్ లాంటి పొడుగు పీచు ముక్కలకి ఇది చేయకపోతే ఎంత బాగా కాల్చినా దవడ నొప్పే మిగులుతుంది.

ఇల్లంతా పొగ!

కొంత తప్పదు. కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెనం పెట్టినప్పుడే మొదలుపెట్టండి, పొగ వచ్చాక కాదు. నూనె తగ్గించండి. ఒకేసారి రెండు స్టేకుల కంటే ఎక్కువ వేయకండి. ఎక్కువైతే పొగ ఆగుతుంది నిజమే, వాటితోపాటు కాలడమూ ఆగుతుంది. ఎప్పుడైనా నూనె అంటుకుని మంట లేస్తే స్టవ్ ఆపి పెనం మీద మూత బోర్లించండి. నీళ్లు మాత్రం పోయకూడదు, మండుతున్న నూనె ఎగిరి చుట్టూ పడుతుంది.

పెనాన్ని సబ్బుతో కడగొచ్చా?

కడగొచ్చు. పెనం మీది నల్లటి నునుపు పొర, అంటే సీజనింగ్, వేడికి గట్టిపడి లోహాన్ని పట్టుకున్న నూనే. గిన్నెలు తోమే ఇప్పటి ద్రవ సబ్బు దాన్ని కదిలించలేదు. కాస్టిక్ సోడా ఘాటు మిగిలి ఉండే పాతకాలపు సబ్బుల నాటి భయం ఇంకా నడుస్తోంది, అంతే. అసలు శత్రువు నానబెట్టడం. పెనం గోరువెచ్చగా ఉండగానే కడిగి, తుడిచి, రెండు నిమిషాలు మంట మీద పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, రెండు చుక్కల నూనె రాసి తుడిచేయండి. మండుతున్న పెనాన్ని చల్లటి నీళ్ల కింద పెడితే పగలవచ్చు.

తుప్పు పట్టినా పారేయకండి. స్టీల్ పీచుతో లోహం కనబడేదాకా తోమి, కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. తర్వాత ఆ నూనె అసలు రాయనే లేదన్నట్టు తుడిచేయండి. ఇక్కడ పిసినారితనమే మంచిది, ఎక్కువైతే జిగటగా గడ్డకడుతుంది. 230 డిగ్రీల ఓవెన్‌లో బోర్లించి గంట ఉంచండి, రెండు మూడుసార్లు ఇలా చేయండి. అవిసె నూనె గురించి గొప్పగా చెప్తారు, పొర గట్టిగానే వస్తుంది కానీ పెచ్చులుగా ఊడే గుణం ఉంది. మామూలు రిఫైన్డ్ నూనె చాలు. ఇప్పుడు వచ్చే కొత్త పెనాలకు చాలావరకు ఈ శ్రమ లేదు. 1896లో అమెరికాలోని టెన్నెసీలో మొదలైన లాడ్జ్ కంపెనీ 2002లో కర్మాగారంలోనే సీజనింగ్ చేసి అమ్మడం మొదలుపెట్టింది, మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

అదే పెనంలో వైన్ పోసి సాస్ చేసుకోవచ్చా?

బాగా వాడి నల్లబడిన పెనమైతే ఒకటి రెండు నిమిషాల పనికి ఏమీ కాదు. కొత్త పెనంలో పులుపు పదార్థాలు మరిగిస్తే సీజనింగ్ కరిగి, సాస్‌కి ఇనుము రుచి తగులుతుంది. అనుమానంగా ఉంటే, స్టేక్ దించాక పెనంలో స్టాక్ (ఎముకలో కూరగాయలో ఉడికించి వడకట్టిన నీరు) పోసి అడుగున పట్టినదంతా గీకి, వేరే గిన్నెలోకి వంచుకుని అక్కడ వైన్ కలిపి మరిగించండి. గీకినదాంట్లోనే రుచి అంతా ఉంది, పెనంతో పని అక్కడికే అయిపోతుంది.

మిగిలిన స్టేక్?

రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరవుతుంది. 120 డిగ్రీల ఓవెన్‌లో మెల్లగా వెచ్చబెట్టి, చివర్లో కాగిన పెనం మీద అరనిమిషం తగిలించండి. లేదా అసలు వేడి చేయకండి. చల్లటి స్టేక్‌ని సన్నగా కోసి రొట్టె మధ్య పెట్టుకుని ఆవాలతో చేసిన మస్టర్డ్ రాసుకుంటే, వేడి చేసినదానికంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.